జంగు పట్టనియ్యని మనిషి

మొన్న మంచిర్యాల నుంచి వస్తుంటే దారిలో మా అల్లుడి కారు పంక్చరైంది. మారుచక్రం ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. నట్టు మాత్రం కదలలేదు. డ్రైవరు పానా మీద ఎక్కి నిలబడ్డాడు. అల్లుడు రోడ్డు పక్కనుంచి రాయి తెచ్చి కొట్టాడు. అట్లా కొడుతూనే ఉన్నారు.

"ముందుగాల జర బిగియ్యుండ్రి, ఆ తర్వాత ఇప్పుండ్రి" అన్నాను కారులోంచి.

ఇద్దరూ నా వంక చూశారు. బతుకంతా కాన్పులు చేసిన ముసలామెకు నట్లతో ఏం పని అనుకుని ఉంటారు. అయినా మాట తీసెయ్యలేక కొంచెం బిగించి, వెనక్కి తిప్పారు. కిర్రుమని కదిలింది.

ఆ మాట నాది కాదు. గోదావరి రేవులో ఒకామె దగ్గర విన్నది. ఇల్లు చేరేదాకా కళ్ళు మూసుకుంటే ఆమె చెయ్యే కనపడింది, మోచేతి దాకా తెల్లగా.

మాది హుజూరాబాద్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు నర్సు ఉద్యోగం వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా వైపు, గోదావరి ఒడ్డున ఉన్న చిన్న దవాఖానాలో వేశారు. అవతలి ఒడ్డు కరీంనగర్ జిల్లా. నడుమ వంతెన లేదు. కాన్పుల కోసం నేను రెండు ఒడ్ల ఊళ్ళకూ తిరగాలి. తిరగాలంటే జోడు పడవ ఎక్కాలి.

జోడు పడవంటే రెండు ఇనుప పడవలు. అడుగు చదునుగా, వెడల్పుగా ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టి, మీద అడ్డంగా దూలాలు వేసి, బోల్టులతో బిగించి, ఆపైన చెక్కలు పరిచారు. మనుషులు, బండ్లు, గొడ్లు, అప్పుడప్పుడు ఒక జీపు, అన్నీ దాని మీదే గోదావరి దాటేవి. రేవు గుత్తేదారు ఆ పడవలను బొంబాయి హార్బరులో పాతసామాను కింద కొన్నాడట. అంతకుముందు అవి సముద్రంలో సరుకు మోసిన పడవలు.

మొదటిసారి రేవుకు పోయిన రోజు నేను అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాను. పడవ ఖాళీగా ఉంది. ఉన్నట్టుండి చెక్కల కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తెల్లటి జిడ్డు కారుతున్న చెయ్యి.

"బిడ్డా, గా పానా ఇటియ్యి."

నాకు పానా అంటే ఏదో కూడా తెలియదు. అక్కడ పడి ఉన్న ఇనుప వస్తువు అదొక్కటే కాబట్టి ఇచ్చాను. కాసేపటికి ఆమె బయటికి వచ్చింది. పొడవైన మనిషి. తల నెరిసింది. మరాఠీ ఆడవాళ్ళలాగా చీర గోచీ పోసి కట్టింది. చేతిలో బొటనవేలంత లావు బోల్టు ఉంది. దాన్ని రేవు నీళ్ళలో కడిగింది, కొంగుతో తుడిచింది, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. తర్వాత నాలుక కొనతో నాకింది.

"ఉప్పున్నది ఇంకా" అంది, తనలో తనే.

నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఆ పడవలు గోదావరిలో దిగి అప్పటికి ఎన్ని వానాకాలాలు గడిచాయో. ఇనుము సందులో సముద్రం దాక్కుందంటే ఎవరు నమ్ముతారు? నా అనుమానం చూసి బోల్టు నా చేతికిచ్చింది. నేనూ నాలుక ఆనించాను. నిజంగానే, లీలగా ఉప్పన.

ఆమెను ఊళ్ళో బొంబాయామె అనేవారు. పడవ నడిపే సరంగు మల్లయ్య ఆమెకు తోడబుట్టిన తమ్ముడు. బొంబాయిలో మొగుడు పోయాక ఆమె వచ్చి తమ్ముడి ఇంట్లో ఉంటోంది. పడవవాళ్ళంతా మల్లయ్యతో పాటు అక్కా అని పిలిచేవాళ్ళు. నేను పెద్దమ్మా అన్నాను.

ఆమె పని ఒక్కటే. జోడు పడవకున్న బోల్టులను వంతుల వారీగా ఇప్పడం, కడిగి జంగు గీకడం, మందు పూసి మళ్ళీ బిగించడం. ఒక కొసనుంచి మొదలుపెట్టి రెండో కొసకు వచ్చేసరికి మొదటి బోల్టు వంతు మళ్ళీ వచ్చేది. తుప్పును మా దిక్కు జంగు అంటాం. ఆమె ఆ మాటను ఊరికి వచ్చిన రోగం పేరు పలికినట్టు పలికేది.

మందు అంటే, మేక కొవ్వు కరగబెట్టి వడగట్టి, అందులో రంగు దుకాణంలో దొరికే సఫేదా అనే తెల్ల సీసం పొడి కలిపి నూరిన ముద్ద. దాన్ని బోల్టు మరల్లోకి వేలితో పట్టించేది. ఒక్క మర కూడా ఎండిపోయి కనపడకూడదు. "జంగుకు నీళ్ళు గావాలె, గాలి గావాలె. రెండిట్ల ఒక్కటి లోపటికి పోకున్నా అది ఆకలితోటి సస్తది" అనేది. నర్సును కాబట్టి సఫేదా విషమని నాకు తెలుసు. నాలుకతో చూడవద్దని కోప్పడ్డాను. "కడిగినంకనే నాకుత బిడ్డా, నాకు తెల్వదా" అని నవ్వింది. కానీ నా మాటకు విలువిచ్చి, అప్పటినుంచి చేతులు సున్నిపిండితో తోముకునేది.

ఇంకొక సంగతి చూసి నేను మరీ ఆశ్చర్యపోయాను. ఆమె నడుముకు చిన్న సుత్తె ఉండేది. పడవ నడుస్తుండగా దూలాల వెంట నడుస్తూ ఒక్కో బోల్టును మెల్లగా తట్టేది. బాగున్న బోల్టు టంగుమనేదట. లోపల జంగు మొదలైతే మొద్దుగా మోగేదట. నాకు రెండూ ఒక్కలాగే వినపడేవి. "గర్భిణి కడుపు మీద గొట్టం పెట్టి ఏం వింటవు నువ్వు? నాకు గది వినరాదు" అంది. ఆ మాట తర్వాత నేను శ్రద్ధగా విన్నాను. చాలా రోజులకు, ఒక పొద్దున, ఒక బోల్టు దగ్గర నా చెవికి తేడా తెలిసింది. నేను చెప్పేలోపే ఆమె అక్కడ ఆగింది.

మొండికేసిన నట్టును ఆమె ఎప్పుడూ బలంతో విప్పలేదు. గ్యాసునూనె, అదే కిరసనాయిలు, చుక్కలు వేసి వదిలేసేది. మర్నాడు వచ్చి చుట్టూ తట్టి, మళ్ళీ చుక్కలు వేసేది. పానా పెట్టాక ముందు బిగించేది, తర్వాత విప్పేది. పడవవాళ్ళు నవ్వేవారు. "అక్కా, గోదారి తీపినీళ్ళు. గీ కష్టమెందుకే?" అనేవారు.

గుత్తేదారు అయితే ఒకరోజు జీపు దిగి కోపమే చేశాడు.

"ఎన్నిసార్లు ఇప్పుతవు? బిగించిన బోల్టు బిగించినట్టుండాలె. ఇది సముద్రమా?"

"సముద్రం కాదు దొరా. పడవ సముద్రంది" అంది ఆమె.

"రేపటిసంది కొవ్వుకు, సఫేదాకు నా దగ్గర ఏమీ దొరకదు. నీ సరదా నువ్వు చూసుకో."

ఆమె సంతలో మాంసం కొట్టే ఆయన తరాజు, కత్తులు చక్కబెట్టి ఇచ్చి, బదులుగా కొవ్వు తెచ్చుకునేది. రంగు దుకాణం తలుపుల మడతబందులు బాగుచేసి సఫేదా తెచ్చేది. ముండమోసిన మనిషి కొవ్వు కాచుతోందని, వాసన భరించలేకపోతున్నామని వాడకట్టు వాళ్ళు గునిశారు. ఆమె పొయ్యిని గోదావరి ఒడ్డుకు మార్చింది గానీ పని మానలేదు. ఎందుకింత పట్టుదలో ఎవరికీ తెలియదు. మల్లయ్యకు కూడా.

ఒక మధ్యాహ్నం రేకు అంచు కోసుకుని, వేలికి గుడ్డ చుట్టుకొని ఆమె దవాఖానాకు వచ్చింది. కుట్లు వేయాల్సి వచ్చింది. నొప్పి తెలియకుండా ఏదైనా మాట్లాడిద్దామని, "బొంబాయిల గీ పని ఎవరు నేర్పిండ్రు పెద్దమ్మా?" అని అడిగాను.

"మా ఆయన" అంది. వేలు నా చేతిలో పెట్టి, గోడ వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

ఆయన హార్బరులో ఖలాసీ. సరుకు మోసే పెద్ద పడవ వెనుక చిన్న పడవను కట్టి లాక్కుపోయేవారు. చిన్న పడవ మీద ఆయన ఉండేవాడు. రెండిటినీ కలిపే బోల్టు ఆయన జిమ్మాలోది, దాన్ని చూసుకునే పూచీ ఆయనదే. ఉప్పునీళ్ళు ఇనుమును ఎట్లా తింటాయో ఆయనే ఆమెకు చెప్పాడు. ఇనుము పక్కన పిత్తలి, అదే ఇత్తడి, పెడితే ఇనుము ముందు పోతుందట. జస్తు ముక్క, జింకు ముక్కన్నమాట, అతికిస్తే సముద్రం జస్తును తిని ఇనుమును వదిలేస్తుందట. ఇంట్లో ఆమె కొవ్వు కాచి, మందు నూరి, డబ్బాలో పోసి ఇచ్చేది. ఆయన తీసుకుపోయి పూసేవాడు.

"ఒకనాడు పెద్ద పడవకు ఇంకో జహాజు తాకింది. మునుగుడు వెట్టింది. అప్పుడు చిన్న పడవను ఇప్పుకోవాలె. ఇప్పుకుంటె బతుకుతరు. బోల్టు రాలే. కొట్టిండ్రట, గుంజిండ్రట. జంగు పట్టి నట్టు, బోల్టు ఒక్కటైపోయినయి. పెద్దది మునుగుకుంట చిన్నదాన్ని పట్టుకపోయింది. మనిషి దొరకలే."

నేను కుట్టు దారం ముడి వేశాను.

"తన పని తను జెయ్యక తనే పోయిండు అన్నరు బిడ్డా, హార్బరోళ్ళు. గదే నాకు మింగుడు వడదు. ఆ యేడు నేను ఈడికొచ్చి ఉంటి. మల్లయ్య పెండ్లికి. పెండ్లి అయినంక పోవాలె. మమ్ముల గన్న అవ్వ ఇంకొన్ని దినాలుండుమన్నది. ఉన్న. డబ్బ ఖాళీ అయ్యిందని ఆయన కబురు పంపిండు. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంటనే వానాకాలం గడిచింది. ఆయన కొని పూసిండో, నేనొస్తనని ఆగిండో. ఎవర్నడగాలె?"

పోయినాయనకు దినాలు చేద్దామని పెద్దలు చెప్పినా ఆమె ఒప్పుకోలేదట. ఏం చెప్పి సాగనంపాలో తెలియనిదే పిండం ఎట్లా పెట్టేది అందట. కుట్లు అయిపోయాయి. లేచి తలుపు దగ్గరికి పోయి మళ్ళీ తిరిగింది.

"తమ్మునికి చెప్పకు. వాని పెండ్లి గదా."

నేను చెప్పలేదు. కానీ ఆ తర్వాత రేవులో ఆమె తట్టే ప్రతి దెబ్బ నాకు వేరేగా వినపడింది.

శ్రావణంలో ఒక సంత రోజు. ఎగువన ఎక్కడో గట్టి వాన పడి గోదావరి ఎర్రగా పోటెత్తుతోంది. ఇంకొక్క తిప్పు వేసి పడవ కట్టెయ్యమని గుత్తేదారు మనిషి చెప్పిపోయాడు. సాయంత్రం కాకముందే బయలుదేరాం. సంత నుంచి మళ్ళే జనం, జొన్న బస్తాల బండి, దాని ఎడ్లు, చంటిపిల్లతో ఒక తల్లి, సంచితో నేను. మల్లయ్య ఎడమ పడవకున్న చుక్కాని దగ్గర ఉన్నాడు. ఆమె ఎప్పటిలాగే బోల్టుల వెంట నడుస్తోంది.

నడిగోదావరిలోకి వచ్చాక ఎగువ నుంచి వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన మాను ఎడమ పడవను గుద్దింది. రేకు చీలిన చప్పుడు మాకందరికీ వినపడింది. నీళ్ళు లోపలికి దూకాయి. మల్లయ్య కుడి పడవ మీదికి రమ్మని కేక వేశాడు. బండి ఆయన ఎడ్ల పగ్గాలు కోసి నీళ్ళలోకి తోలాడు. జనమంతా కుడి వైపు వచ్చి ఒకరినొకరు పట్టుకున్నాం. ఎడమ పడవ బరువెక్కి దిగిపోతోంది. దూలాలు మూలుగుతున్నాయి. అది దిగిన కొద్దీ మా పడవ అంచు కూడా నీళ్ళ వైపు వంగుతోంది.

ఆమె నడుములోంచి పానా తీసింది. "ఇప్పాలె" అంది.

"అక్కా, ఇప్పితే చుక్కాని దాంతోని పోతది. సగం పడవతోని ఏడికి పోదుం?" అన్నాడు మల్లయ్య.

"అది మునుగుతది. ఉంటే మనల గుంజుకపోతది. ఇప్పుండ్రి, మల్లయ్యా."

ఆమె మొదటి నట్టుకు పానా పెట్టింది. పావు తిప్పు తిరిగింది. పానా తీసేసి వేళ్ళతో తిప్పింది. నా కళ్ళతో నేను చూశాను, అంత లావు ఇనుప నట్టు సీసా మూత తిరిగినట్టు తిరిగి ఆమె అరచేతిలో పడింది. పడవవాళ్ళు తక్కిన నట్ల మీద పడ్డారు. వాళ్ళ మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒక్కడికి కూడా బలం చెయ్యాల్సి రాలేదు. ఇన్నాళ్ళు నవ్విన మనుషులు, చేతిలోకి వచ్చిన నట్టు వంక ఒక్క క్షణం చూసి, తర్వాతి దానికి పోతున్నారు. దూలాలు ఒక్కొక్కటే వదిలాయి.

చివరి దూలం దగ్గర నట్టు వచ్చింది గానీ బోల్టు రాలేదు. మునిగే పడవ బరువంతా దాని మీదే వేలాడుతోంది. ఆమె సుత్తెతో తట్టి, చెవి పెట్టి విని, లేచింది.

"జంగు కాదు, బరువు. అందరు గీ పడవలనే ఎడమ దిక్కు రాండ్రి. గీ అంచు జర దిగితే బరువు తగ్గి బోల్టు వదులుతది."

ఎవరూ కదలలేదు. ఎడమ దిక్కు అంటే నీళ్ళు ఎక్కుతున్న దిక్కు. ఆమె ఎవరినీ బతిమాలలేదు, నా వైపు చూసింది. నాకు ధైర్యమేమీ లేదు. కానీ ఇనుము ఆమె మాట వింటుందని నేను అప్పటికే చూసి ఉన్నాను. నడిచి ఆ అంచున నిలబడ్డాను. చంటిపిల్ల తల్లి నా వెనుక వచ్చింది. తర్వాత అందరూ వచ్చారు. అంచు దిగింది, నీళ్ళు మా పాదాల మీదికి వచ్చాయి. ఆమె ఒక్క దెబ్బ కొట్టింది. బోల్టు ఎగిరి వచ్చింది.

ఎడమ పడవ, దూలాలు, బండి, బస్తాలు, అన్నీ కలిసి మా పక్కనుంచే నీళ్ళలోకి దిగిపోయాయి. మా పడవ గిర్రున తిరిగి, కుదుపుతో పైకి లేచి, తేలింది. మల్లయ్య వాళ్ళు గడలతో నిలబెట్టుకుంటూ పోయారు. చాలా దిగువన పొదల్లో ఇరుక్కొని ఆగాం. అందరం ఒడ్డెక్కాం. ఎడ్లు కూడా మాకంటే ముందే ఎక్కి, తల విదిలించుకుంటూ నిలబడ్డాయి.

ఆమె బురదలోనే కూర్చుంది. ఒళ్ళో బోల్టులు, నట్లు ఉన్నాయి. అంతటి గడబిడలోనూ, చేతికి అందినవన్నీ ఒడిలో వేసుకుంది. పడవవాళ్ళు చుట్టూ చేరారు గానీ దగ్గరికి రాలేదు. గుడిలో గర్భగుడి ముందు ఆగినట్టు ఆగారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఎంతసేపు పట్టింది బిడ్డా?" అని అడిగింది.

"తెల్వదు పెద్దమ్మా. బియ్యం కడిగి ఎసట్ల పోసినంత సేపు."

"గంతేనా" అంది. "గంతసేపు ఆయనకు దొరికే ఉంటది."

అప్పుడు ఏడ్చింది. మల్లయ్య బెదిరిపోయి వచ్చి కూర్చున్నాడు. "అందరం ఒడ్డెక్కినం గదనే అక్కా, ఎందుకేడుస్తున్నవు?" అన్నాడు. ఇక ఆమె దాచలేదు. డబ్బా సంగతి, కబురు సంగతి, పెళ్ళయ్యాక తాను ఆగిపోయిన సంగతి, అన్నీ తమ్ముడికి తానే చెప్పింది.

మల్లయ్య ఇంకా దగ్గరికి జరిగాడు.

"నిన్ను ఉండుమన్నది అవ్వ కాదక్కా" అన్నాడు. "నేను. నువ్వు పోతవంటే నాకు పాణం పట్టలే. నేను చెప్తే నవ్వుతరని అవ్వతోని చెప్పిపిచ్చిన. బావ పోయినప్పటిసంది గిది నా గుండెల ఉన్నది. నీకు మొకం జూపియ్యలేకనే నువ్వు ఏం జేస్తనన్నా చెయ్యనిచ్చిన."

ఆమె తమ్ముడి తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యికి ఇంకా మందు తెలుపు ఉంది. నేను లేచి పక్కకు పోయాను.

వరద తీశాక మునిగిన పడవ దిగువ ఇసుకలో దొరికింది. గుత్తేదారు రేకు అతికించి, రెండూ మళ్ళీ జోడు చేయించాడు. కొవ్వు, సఫేదా రేవుకు పంపుతానని మనిషితో చెప్పించాడు గానీ ఆమె ఎదుటికి మాత్రం రాలేదు. కొత్త దూలాలు బిగించే ముందు పడవవాళ్ళంతా ఇసుకలో వరసగా కూర్చుని, ఒళ్ళో బోల్టులు పెట్టుకొని మరల్లోకి మందు పట్టించారు. ఆమె వెనుకనుంచి చూస్తూ, ఎవరి వేలు తొందరపడితే వాళ్ళ చెయ్యి పట్టుకొని ఆపేది.

ఆ తర్వాత కొంతకాలానికే నన్ను వేరే ఊరికి బదిలీ చేశారు. ఆమె పోయిందన్న సంగతి కూడా నాకు చాలా ఆలస్యంగా, ఎవరో చెబితే తెలిసింది. నేను వెళ్ళిపోయే ముందు ఆమెతో కలిసి ఒక్కసారి ధర్మపురి పోయాను. మల్లయ్య, ఆమె, నేను. పడవ దాటినంతసేపు ఆమె సుత్తె తియ్యలేదు. నా పక్కన, అందరిలాగే, మోకాళ్ళు ముడుచుకొని కూర్చుంది.

ధర్మపురి రేవులో మల్లయ్య తలగొరిగించుకొని బావకు పిండం పెట్టడానికి కూర్చున్నాడు. పోయిన మనిషి పేరు చెప్పమన్నాడు పంతులు. మొగుడి పేరు నోటితో పలకడం మా దిక్కు ఆడవాళ్ళకు అలవాటు లేదు. మల్లయ్య చెప్పబోయాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది. లేచి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి, గోదావరి పారే దిక్కు, సముద్రం ఉన్న దిక్కు తిరిగి, దూరంగా ఉన్న మనిషిని ఇంటికి పిలిచినట్టు ఆ పేరు గట్టిగా చెప్పింది.